బార్బడోసు దీవిలో దాస్యవిమోచన స్థలదర్శనము



వార్షిక మహాసభా సంచికకు ఒక చరిత్రవ్యాసమును వ్రాసి పంపవలసినదని కార్యదర్శిగారు మమ్ముఁ గోరినప్పుడు, మేము మన కులపురాణమునుగూర్చియో, ప్రాచీన శాసనములందలి నేతవారి ప్రశంసనుగూర్చియో వ్రాయుదుమని వారు తలఁచి యుందురు. అట్టి వ్యాసములు వెనుకటి సంచికలలోఁ బెక్కు వెలువడినవి; వానిలో రెండు మూఁడు మావియే. ఈ మాఱు మేము సముద్రముల కావలనున్న యొక చిన్న దీవినిగూర్చి వ్రాయఁబూనితిమి. ఆ దీవికిని మన మగ్గములకును సంబంధమేమి యని పాఠకులు మొదట నాశ్చర్యపడవచ్చును. అచ్చటికిఁ బోవువఱకు మేమును ఎఱుఁగము. కావున మేము చూచినదానిని చూచిన క్రమముననే విన్నవించుచున్నాము.

మా ద్వితీయపుత్రుఁడు కెనడాదేశమున టొరాంటో నగరమున నుద్యోగి. గత మాఘమాసమున మేము సతీసమేతముగా వాని యింటికిఁ బోయి, ఆ దేశపు మంచునకుఁ దాళజాలక గదిలో ముడుచుకొని కూర్చుండఁగా, వాఁడు జాలిగొని, వారము దినములు వెచ్చని దీవిలో నుండి వత్తమని బార్బడోసునకు విమానపు టిక్కెట్లు కొనెను. అందఱును అచ్చటికి సముద్రస్నానమునకై పోవుదురు. మేము పెట్టెలో రెండు చరిత్రగ్రంథములు పెట్టుకొని పోయితిమి. "ఇంత దూరము వచ్చి కూడఁ బాఠమేనా?" యని మా సహధర్మచారిణి యన్నది. పాఠమే యైనది, కాని చెప్పినవారము మేము కాము. మాకు కారు నడపిన పెద్దమనిషి పూర్వము బడిపంతులు. మేమును పంతులమే యని తెలిసినతోడనే ఆయన మమ్ము బాటసారులుగాఁ గాక సహోద్యోగులుగాఁ జూచి, ఏ స్థలమునందును తొందరపెట్టక త్రిప్పెను.

బార్బడోసు వెస్టిండీసు దీవులలోఁ దూర్పుకొసనున్నది. పొడవు 21 మైళ్లు, వెడల్పు 14 మైళ్లు, వైశాల్యము 166 చదరపు మైళ్లు. 1627లో ఆంగ్లేయులు ఇందు నివాసము లేర్పఱచుకొని మొదటఁ బొగాకును, ప్రత్తిని పండించిరి. 1640 తరువాత బ్రెజిలు దేశమునుండి చెఱకుసేద్యపు మర్మమును, పంచదార వండు విద్యయు వచ్చినవి. కొలఁది యేండ్లలో దీవి యంతయు చెఱకుతోఁట యయ్యెను. చెఱకు నఱికిన పిమ్మట ఆలస్యమునకుఁ దావు లేదు. రెండు మూఁడు దినములలో రసము పులిసి చెడిపోవును. అందుచే పంటకాలమున గానుగలు రాత్రింబవళ్లు తిరుగుచుండెడివి. ఈ పనికై ఆఫ్రికా పశ్చిమతీరమునుండి మనుష్యులను ఓడలలో నింపి తెచ్చిరి. ఈ దీవిలో దింపఁబడినవారు నాలుగు లక్షలకుఁ బైమాటయని ఓడల పద్దులు లెక్కించిన చరిత్రకారులు చెప్పుచున్నారు. వారిలోఁ గొందఱిని ఇతర దీవులకు మరల నమ్మిరి. అయినను 1834లో దాస్యము తొలఁగునాఁటికి దీవిలో మిగిలిన బానిసలు సుమారు 83,000 మంది మాత్రమే. ఈ రెండు సంఖ్యలను మేము చిత్తుకాగితముపై ఒకదాని క్రింద నొకటి వ్రాసికొని చాలసేపు చూచుచుంటిమి.

మొదటి దినమున మోర్గన్ లూయిస్ అను గాలిమరను జూచితిమి. ఒకప్పుడు దీవిలో ఇట్టివి వందలకొలఁది యుండెను. నేఁడు రెక్కలతోడను యంత్రముతోడను నిలిచినది ఇది యొక్కటియే. రాతితోఁ గట్టిన గోపురము, పైని చెక్కటోపి, లోపల చెఱకును నలుపు ఇనుప రోలరులు. మన పల్లెలలో ఎద్దులతో గానుగాడించునపుడు చెఱకు పెట్టువాఁడు ఎంత జాగ్రత్తగా నుండవలెనో మే మెఱుఁగుదుము. ఎద్దునైనను అదలించి నిలుపవచ్చును. గాలిని నిలుపుట కెవరి తరము? నిద్రమత్తులో చేయి రోలరుల నడుమఁ జిక్కినచో, మొండెమును గాపాడుటకై చేతిని నఱుకుటకు గొడ్డలి యొకటి ప్రక్కనే యుంచుట ఈ దీవులలో వాడుకయై యుండెను. గాలిమరను జూడవచ్చిన పిల్లలు రెక్కలను జూచి కేరింతలు కొట్టుచుండిరి. మా మిత్రుఁడు వారు పోవువఱకు ఆఁగి, పిమ్మట నీ మాట చెప్పెను.

దీవిలోని శాసనవ్యవహారమును ఇచటఁ గొంత చెప్పవలెను. 1661లో బార్బడోసు సభవారు బానిసలనుగూర్చి యొక చట్టము చేసిరి. జమైకా మొదలగు ఇతర వలసలవారు దానినే మాతృకగాఁ గొనిరి. ఈ క్రమముననే వచ్చిన 1688 నాఁటి చట్టమున, యజమానుఁడు దండించునపుడు బానిస చనిపోయినచో దోషము లేదు. క్రౌర్యబుద్ధితోఁ గావలెనని చంపినచో 15 పౌనుల జరిమానా. 1805 వఱకు ఇదియే స్థితి. స్మృతిగ్రంథములతోఁ గొంత పరిచయము గల మాకు, శాసనము క్రూరమైనకొలఁది దాని భాష యెంత శాంతముగా నుండునో క్రొత్తగాఁ దెలియవలసిన పని లేకపోయెను.

రెండవ దినమున న్యూటను శ్మశానవాటికకుఁ బోయితిమి. మా యాత్రలో మనస్సును మిక్కిలి కలఁచిన తావు ఇది. క్రైస్టుచర్చి పారిషులో పెద్దబాటనుండి మరలి, చెఱకుచేల ప్రక్కగాఁ బోవఁగా ఒక వాలు మైదానము కనఁబడెను. గడ్డి మొలచి యుండెను. గోరీ లేదు, శిలువ లేదు, పేరు చెక్కిన రాయి లేదు. అందందు నేల యించుక ఉబ్బి యుండుట తప్ప మఱి యే గుఱుతును లేదు. 1970 తరువాత జెరోమ్ హాండ్లరు, ఫ్రెడరిక్ లాంగ్ అను పండితులు ఇచట త్రవ్వి పరిశోధించిరి. సుమారు 1660 మొదలు 1820 వఱకు న్యూటను తోఁటలోని బానిసలు 570 మంది ఇందుఁ బూడ్చఁబడిరని వారు నిర్ణయించిరి. అస్థులలోని పండ్లను పరీక్షింపఁగా, వానిపైఁ బడిన గీతలవలన చిన్నతనమందలి ఆకలి రోగములు తెలియవచ్చినవి. వ్రాఁతలో నొక్క అక్షరమైన విడువక పోయినవారి జీవితమును పండ్లు చెప్పవలసి వచ్చినది.

అందొక ముదుసలి సమాధి ప్రసిద్ధమైనది. అతఁడు తనవారిలో వైద్యమును, సోదెయు చెప్పువాఁడై యుండునని పండితుల యూహ. అతని చేతులకు రాగికడియములును, ఉంగరములును, ప్రక్కన నొక ఇనుపకత్తియు, ఆఫ్రికా రీతి మట్టి పొగగొట్టమును ఉండెను. మెడలోని హారమున కుక్కపండ్లు, చేఁప వెన్నెముక పూసలు, గాజుపూసలు, గవ్వలు. వీని నడుమ నొక పెద్ద ఎఱ్ఱని అకీకు రాతిపూస. ఆ గవ్వలు మన హిందూమహాసముద్రమునందలివి. ఆ రాతిపూస ఘూర్జరదేశమందలి ఖంభాతు నగరపు పనివారి చేతిదని పరిశోధకుల యభిప్రాయము. భరతఖండమున సానపట్టిన పూస ఓడలెక్కి ఆఫ్రికాకుఁ బోయి, అచ్చటనుండి ఈ దీవి చేరి, దాసునితోఁ గూడ మట్టిలోఁ గలసినది. ఈ మాట విని మేము కొంత గర్వపడితిమని యొప్పుకొనుచున్నాము. మన పనివాని నేర్పు ఇంత దూరము వచ్చినదిగదా యని. మా మిత్రుఁడు మా ముఖమును గనిపెట్టి, "అయ్యా, మీ దేశమునుండి ఆ కాలమున పూసలు మాత్రమే వచ్చినవా?" యని మర్యాదగానే యడిగెను. మేము తెలియదంటిమి.

ఆ రాత్రి బసలోఁ బెట్టెలోని గ్రంథమును దీసి చూచితిమి. దానినిఁ జదువనిదే మోసికొని వచ్చినందుకు సిగ్గుపడితిమి. సంగతి యిది: ఆఫ్రికా తీరమున మనుష్యులను గొనుటకు ఐరోపావర్తకులు చెల్లించిన వస్తువులలోఁ దుపాకులు, సారాయి, ఇత్తడి, ఇనుము మొదలైనవి యుండెను గాని, వానిలో నగ్రస్థానము గుడ్డలది. ఆ గుడ్డలలో గొప్పభాగము హిందూదేశపు నూలుగుడ్డలు. ఆఫ్రికావారు వన్నెను, నేఁతను బాగుగా నెఱిఁగినవారు. ఇంగ్లండున మనవానిని అనుకరించి నేసిన గుడ్డలను వారు తిరస్కరించిన సందర్భములు పెక్కు. ఇంగ్లండులోనో, అచ్చటి నేతగాండ్ర మొఱపై, మన యద్దకపు గుడ్డలను దేశములో నమ్మరాదని 1700లోను, అసలు ధరింపరాదని 1721లోను చట్టములు చేసిరి. అయినను మరల నెగుమతి చేయుటకు అడ్డు లేదు. కాఁబట్టి లండను గిడ్డంగులలోని మన గుడ్డలకు ఆఫ్రికా తీరమును, వెస్టిండీసు దీవులును ప్రధానమైన విపణు లయ్యెను. గినీతీరమునకుఁ బోవుటచేతనే ఒక జాతి గుడ్డకు గినీ యని పేరు వచ్చినది. ఈ గుడ్డలు చోళమండలతీరపు గుడ్డలని గ్రంథములలో నుండును. ఆ తీరమనఁగా తమిళదేశము మాత్రము కాదు. నెల్లూరు, మచిలీపట్టణము, మాధవాయపాలెము, ఇంజరము, విశాఖపట్టణము కూడ అందే చేరినవి. మాధవాయపాలెము పేరే ఆంగ్లేయుల నోట మారి యొక గుడ్డకుఁ బేరైనది.

ఇఁక మన పూర్వులకు ఇందుఁ గల పాలెంత? కుంఫిణీ వర్తకులు దాదనీ యని ముందుగా రొక్కమిచ్చి, ఇన్ని గజముల పొడవు, ఇన్ని పోగుల పడుగు అని నిర్ణయించి నేయించెడివారు. నేసినవానికిఁ దన గుడ్డ మచిలీపట్టణము రేవు దాటిన పిమ్మట నేమగునో తెలియదు. గుమాస్తా కొరడాయు, తీఱని బాకీయు వానికిఁ జాలినంత యుండెను. కావున వానిని దోషి యనుట ధర్మము కాదు. కాని తెలియని వాఁడు వేఱు, తెలిసిన తరువాతఁ దెలియనట్లుండు మేము వేఱు. మన నేఁత ప్రపంచమంతటను రాణించెనని ప్రతి మహాసభలోను ఉపన్యసించుచున్నాము, మేమే ఉపన్యసించితిమి. ఆ ప్రపంచపటములో గినీతీరమును గూడ జూపవలెను. అచ్చట మన గుడ్డతాను ప్రక్కను ఒక మనిషిని నిలిపి వెలకట్టిరి.

మఱునాఁడు మా కుమారుఁడు కంప్యూటరు తెరపై బానిసల పట్టికలను జూపెను. 1807లో బానిస వ్యాపారమును నిషేధించిన పిమ్మట, దొంగతనముగాఁ గ్రొత్తవారిని దీసికొని రాకుండ, ఈ దీవిలో 1817 మొదలు బానిసల జాబితాలు వ్రాయించిరి. వాని ప్రతులు లండనులో భద్రముగా నున్నవి. బార్బడోసు పత్రభాండారమున 2024 జూను నెలలో అగ్నిప్రమాదము జరిగి కొంత భాగము దగ్ధమయ్యెను. ఆ సంగతి చెప్పునపుడు మా మిత్రుని కంఠము తగ్గిపోయెను. పట్టికలో వరుసగాఁ బేరు, స్త్రీయో పురుషుఁడో, వయస్సు, వర్ణము, పుట్టినది ఆఫ్రికాలోనా ఈ దీవిలోనా యనునవి కలవు. తండ్రి పేరు లేదు. తల్లి బానిస యైనచో బిడ్డ బానిస యని న్యాయము, కావునఁ దండ్రితోఁ బని లేదు. ఇంటిపేరు లేదు. సీజరు, పాంపీ యని రోమకచక్రవర్తులకును సేనానులకును జెందిన పేళ్లు పరిహాసముగాఁ బెట్టిరి. కొందఱకు మాత్రము తమ దేశపు పేళ్లు నిలిచినవి. శుక్రవారమునఁ బుట్టినవానికి కోఫీ యని పేరు. దొరలు దానిని కఫీ యని వ్రాసిరి. మన పల్లెలలో సోమయ్య, ఆదెమ్మ యని పేళ్లు పెట్టినట్లే.

పాఠకులారా! ఈ సంచికను దెఱచినచో మొదటి పుటలలో దాతల పేళ్లు ఇంటిపేళ్లతోడను, గోత్రములతోడను, గ్రామములతోడను అచ్చుపడియుండును. మా పేరు నట్లే యచ్చుపడినపుడు సంతోషించువారమే. ఇంటిపేరు లేని మనుష్యుఁడనఁగా నేమో ఆ పట్టికను జూచువఱకు మాకుఁ దోఁచలేదు. ఈ సందర్భముననే మఱియొక ప్రశ్నయు మమ్ము బాధించినది. మన గ్రామములలో నిన్నమొన్నటి వఱకును పాలేరును ఇంటిపేరుతోఁ బిలిచినవా రెందఱు? "ఓరీ" యన్నది వాని పేరుగా నుండలేదా? మా బాల్యమున మా యింట పడుగు సాఁపు వృద్ధుఁ డొకఁ డుండెను. అతని యింటిపేరు నేఁటికిని మే మెఱుఁగము.

కోడ్రింగ్టను విద్యాలయమును జూచి రావలెనని మాకుఁ గోరిక యుండెను; ఏ దేశమునకుఁ బోయినను బడిని జూడకుండ రాలేము. తూర్పుతీరమున, తాటిజాతి చెట్ల వరుసల నడుమ, కలువకొలను ప్రక్కను రాతికట్టడము. అది 1745లోఁ బ్రారంభమైనది. స్థలము రమణీయము. క్రిస్టఫరు కోడ్రింగ్టను అను ధనికుఁడు 1710లోఁ జనిపోవుచుఁ దన చెఱకుతోఁటలను, అందలి బానిసలతోఁ గూడ, ఇంగ్లండునందలి యొక మతప్రచారక సంఘమునకు విద్యాదానముగా వ్రాసెను. ఆ సంఘమువారు బానిసలను విడువలేదు. పైఁగా, పాఱిపోకుండ వారి ఱొమ్ములపై సంఘము అను ఆంగ్లపదమును కాల్చిన యినుముతో ముద్రవేయించిరి. దాస్యము తొలఁగినపుడు 411 మందికి నష్టపరిహారముగా 8,823 పౌనులు పుచ్చుకొనిరి. 2006లో ఇంగ్లండు మతసభవారు దీనికి క్షమాపణ చెప్పిరి. విద్యాదానము మహాదానమని మేము ముప్పదియేండ్లు పిల్లలకు వ్యాసములు వ్రాయించితిమి. దానమిచ్చిన ధనమెచ్చటిదని యడుగవలెనని ఒక్కనికైన జెప్పలేదు. మన సంఘపు వసతిగృహమునకు విరాళములిచ్చు పోషకులు దీనిని తమపై నాక్షేపణగాఁ దలఁపరని మా నమ్మకము.

సెంటుఫిలిప్ పారిషునకుఁ బోయి బెయిలీ తోఁట ప్రాంతమును జూచితిమి. చూచుటకు చెఱకు తప్ప నేమియు లేదు. అయినను ఈ దీవివారికి అది కురుక్షేత్రము. 1816 ఏప్రిలు 14వ తేది, ఈస్టరు ఆదివారపు రాత్రి, ఇచట చెఱకుచెత్త కుప్పల కగ్గిపెట్టి యొక తోఁటనుండి మఱియొక తోఁటకు సంజ్ఞ చేసి బానిసలు తిరుగఁబడిరి. నాయకుఁడు బుస్సా. అతఁడు ఆఫ్రికాలోఁ బుట్టినవాఁడనియు, బెయిలీ తోఁటలో బానిసలపైఁ బెద్దగా నుండెననియుఁ జెప్పుదురు. సిమ్మన్సు తోఁటలో నాన్నీ గ్రిగ్ అను దాసి యుండెను. ఆమె చదువు నేర్చినది. వార్తాపత్రికలు చదివి, క్రొత్త సంవత్సరమున స్వాతంత్ర్యము వచ్చునని తోడివారికిఁ జెప్పి, అది రాకపోఁగా, హెయితీ దీవివారు చేసినట్లు పోరాడి తెచ్చుకొనవలెనని ప్రోత్సహించెనని విచారణ కాగితములలోఁ గలదు. దీవిలోని చెఱకులో నాలుగవ పాలు దగ్ధమయ్యెను. దొరల సైన్యములో నల్లవారి పటాలమును ఉండెను. అదియే ముందు నిలిచి వీరిపైఁ గాల్చెను. బుస్సా పోరాటములోఁ గూలెను. పిమ్మట విచారించి చంపినవారు నూఱుమందికిఁ బైగా నుందురు. మఱి రెండేండ్లకు గన్ హిల్ మొదలగు గుట్టలపై సంజ్ఞాగోపురములు కట్టించి, తిరుగుబాటు లేచినచోఁ దక్షణమే తెలియునట్లు చేసికొనిరి. ఆ గోపురము నేఁడు చక్కని వేడుకచోటు. ఎక్కి చూచిన దీవి సగము కనఁబడును.

ఇచట మా తప్పొకటి చెప్పుకొనవలెను. మేము భాషాపండితులమైనను, పాఠశాలలో ఉపాధ్యాయులు చాలనపుడు సాంఘికపాఠములను గూడఁ జెప్పితిమి. బానిసల విముక్తినిగూర్చి పిల్లలకు ఏమి చెప్పితిమి? విల్బరుఫోర్సు అను దయాళువు పార్లమెంటులో వాదించెను, 1833లో చట్టమయ్యెను, బానిసలు విముక్తులైరి. అంతే. విల్బరుఫోర్సు శ్రమపడినమాట నిజమే. కాని బుస్సా పేరు మేము వినలేదు, నాన్నీ గ్రిగ్ పేరు వినలేదు. విడిపింపఁబడినవారు చేతులు కట్టుకొని నిలుచుండిరనియే మా పిల్లలు తలఁచి యుందురు. వారిలోఁ గొందఱు నేఁడు ఈ సంఘములో పెద్దలై యీ సంచికను జదువుచున్నారు. పాఠమును దిద్దుకొనఁ బ్రార్థించుచున్నాము.

చట్టము 1833 ఆగస్టులో నైనది. 1834 ఆగస్టు 1న అమలులోనికి వచ్చెను. ఆఱేండ్ల లోపు పసివారికి మాత్రము వెంటనే విముక్తి. తక్కినవారు శిష్యవృత్తి యను పేరుతో వారమునకు 45 గంటలు కూలి లేక వెనుకటి యజమానునికే పనిచేయవలెను. చెఱకు నఱకుటలో నూఱేండ్లుగా నుండినవారికి ఇంకేమి శిష్యరికము? అది 1838 ఆగస్టు 1న రద్దయ్యెను. యజమానులకు నష్టపరిహారముగా సామ్రాజ్యమంతటను 2 కోట్ల పౌనులు చెల్లించిరి. ఈ దీవి యజమానుల వంతు 17 లక్షలకుఁ బైగా. అందుకై చేసిన అప్పు బ్రిటిషు ఖజానావారు 2015 వఱకుఁ దీర్చుచుండిరి. బానిసలకు ఒక్క పెన్నీ రాలేదు.

నారదస్మృతిలో దాసవిమోచనమునకు ఒక విధి కలదు. యజమానుఁడు దాసుని భుజముపైని కుండను దీసి పగులఁగొట్టి, అక్షతలును పూవులును గలిపిన నీటిని వాని తలపైఁ జల్లి, వాఁడిఁక దాసుఁడు కాఁడని ముమ్మాఱు పలికి, తూర్పుమొగముగాఁ బంపవలెను. మా మిత్రునికి ఈ విధిని వివరించితిమి. ఆయన శ్రద్ధగా విని, "పంపిన తరువాత వాఁ డెచ్చటఁ బండుకొనును?" అనెను. మే మెన్నఁడును ఆలోచింపని ప్రశ్న. మన స్మృతులలో విధి యున్నందున మనకు దాస్యము లేదని కాదు. ఉన్నందుననే విధి కావలసి వచ్చెను. మన దేశమున దాస్యమునకు న్యాయస్థానపు బలము తప్పినది 1843లో. వెట్టిని చట్టము నిషేధించినది 1976లో.

ఆయన ప్రశ్నకు సమాధానమును ఆయనయే చూపెను. దారి పొడవునను చిన్నచిన్న చెక్కయిండ్లు, రంగులు వేసినవి, రాళ్లపై నిలిపినవి. ఇవి పునాది లేని యిండ్లు. దీవిలో నేల యంతయు తోఁటలదే. విముక్తులైనవారు గంజాయి చెట్టంత నేలయైనను గొనలేక, తోఁట యంచున నద్దెకు నిలిచిరి. 1840 చట్టముచే ఆ తోఁటలోఁ బని మానినచో ఇల్లు విడువవలెను. అందుచే పలకలు విప్పి బండిపై వేసికొని మఱియొక చోట నిలుపుకొనుటకు వీలుగా ఇండ్లు కట్టుకొనిరి. ఆ నేలను అద్దెదారు తానే కొనుక్కొను హక్కు 1980 చట్టముతోఁ గాని రాలేదు. తోఁట భూములపై చదరపుటడుగు 10 సెంట్లు. నూటనలువది రెండేండ్లు! రాక్ హాల్ అను గ్రామమున మాత్రము, ఒక యజమానుఁడు తన మరణశాసనమున విడిచిన సొమ్ముతో విముక్తులు నేల కొని మొదటి స్వతంత్రగ్రామమును నిలిపిరి. అచ్చటి ముదుసలి యొకామె తన యింటి మెట్లను జూపి, ఇవి సున్నముతోఁ గట్టినవి, కదలవు, అని మాకుఁ జెప్పినది.

ఇఁక మన మగ్గములకు వచ్చెదము. నెల్లూరు మండలమున నేసి నీలిమందులో ముంచిన గుడ్డను ఆంగ్లవర్తకులు సాలంపూరు అనిరి. ఆ నీలిగుడ్డ వెస్టిండీసు దీవులకు విశేషముగా నెగుమతియై, అచ్చటి బానిసలకుఁ గట్టుబట్ట యగుచుండెను. దాస్యవిమోచనముతో ఆ గిరాకి పడిపోయెనని ఆంగ్లప్రభుత్వపు జిల్లా వృత్తాంతములు చెప్పుచున్నవి. యజమానుఁడు బేళ్లకొలఁది కొని పంచు పద్ధతి పోయినది. మా పూర్వులు ఆ సీమవారే. మా పితామహులు చిన్ననాఁటి మాటలు చెప్పునపుడు, తమ పెద్దల కాలమున దొరల నీలిగుడ్డ హఠాత్తుగా నిలిచిపోయెననియు, నీలికుండలు బోర్లించి కొందఱు కూలికిఁ బోయిరనియు అనెడివారు. కారణము మాంచెస్టరు మిల్లులే యని మేము వినువారికి చెప్పుచు వచ్చితిమి. మిల్లులు కారణమే, సందేహము లేదు. కాని ఈ నీలిగుడ్డ విషయమున మఱియొక కారణము బార్బడోసు నుండి వచ్చిన పిదపఁ గాని మాకుఁ బట్టుపడలేదు. మా ముత్తాతల నీలికుండ బోర్లపడిన కాలమును, కోఫీ విముక్తుఁడైన కాలమును ఒక్కటియే. దానికి విచారింపవలెనా? మా పెద్దల యాఁకలి యాఁకలియే. అయినను ఆ గిరాకి నిలిచి యుండవలసినదని మేము కోరజాలము. ఈ రెండు మాటలను ఒక్క వాక్యములో నిముడ్చుట మా వ్యాకరణమునకు సాధ్యము కాలేదు.

కడపటి దినమున బ్రిడ్జిటౌను సమీపమున పెద్దబాటల కూడలిలో విమోచన విగ్రహమును జూచితిమి. కార్ల్ బ్రూడ్హేగన్ అను శిల్పి చెక్కినది, 1985లో ఆవిష్కరించిరి. మణికట్టులనుండి తెగిన సంకెళ్లు వ్రేలాడుచుండఁగా చేతులెత్తి ఆకసమును జూచు పురుషుఁడు. జనులు దానిని బుస్సా యనియే పిలుతురు. నగరమధ్యమున 1813లో నిలిపిన నెల్సను సేనాని విగ్రహమును 2020 నవంబరులోఁ దొలఁగించిరి. మఱుసటి యేఁడు నవంబరు 30న ఈ దీవి రాణిగారి యేలుబడిని వదలి గణరాజ్య మయ్యెను. మా మిత్రుఁడు కారును ఆ విగ్రహము చుట్టు రెండు మాఱులు త్రిప్పెను. మా సహధర్మచారిణి కారులోనుండియే నమస్కరించినది. అది కూడదేమో యని మా కుమారుఁడు సంకోచింపఁగా, మా మిత్రుఁడు పరవాలేదని నవ్వెను.

ఈ వ్యాసము వ్రాయుచుండఁగా మాకొక కోరిక గలిగినది. నెల్లూరు, మచిలీపట్టణము, ఇంజరము ప్రాంతములనుండి వలసవచ్చిన మన కుటుంబములలో పాత దాదనీ పద్దులు, తాటియాకు లెక్కలు, కుంఫిణీ ముద్రలు గల గుడ్డముక్కలు అటకలపై నుండవచ్చును. చెదలు పట్టక మున్నే వానిని సంఘ కార్యాలయమునకుఁ దెలియఁజేయఁ గోరుచున్నాము. నీలిగుడ్డ నమూనా యొక్కటి దొరకినను, మా ఖర్చుతోఁ బటము తీయించి బార్బడోసునందలి మా మిత్రునికిఁ బంపెదము. ఆయన చూడవలెనని యడిగియున్నాఁడు.